రాణీ రంగు అంచు

పోయిన నెల బంధువుల పెళ్లి ఉంటే మా వదినతో కలిసి తిరుచానూరు వెళ్లాను. కల్యాణ మండపంలో భోజనాల హాలుకు పోయే దారి పొడవునా గోడకు కలంకారీ బొమ్మలు పెట్టారు. చేత్తో వేసిన గుడ్డలు కావు, ఫ్లెక్సు మీద అచ్చు వేయించినవి. నెమళ్లు, ఏనుగులు, వీణలు పట్టుకున్న ఆడవాళ్లు, అందరి వెనకా ఒకే ఊదారంగు. దూరం నుంచి బాగానే ఉన్నాయి. దగ్గరికి వెళ్లేసరికి నాకు ఒళ్లు మండింది. ప్రతి బొమ్మ చుట్టూ సన్నగా ఒక తెల్లగీత, సరిగా కడగని గిన్నెకు మిగిలిపోయిన సబ్బులాగా. ఎవరో ఎక్కడి నుంచో బొమ్మల్ని కత్తిరించి తెచ్చి, అంచు చూసుకోకుండా ఊదారంగు మీద పడేశారు. నాకు తెలియకుండానే ఆ గీతను గోరుతో గీకడం మొదలుపెట్టాను.

"పెండ్లికొచ్చి గోడ గోకతా ఉండావేమే? బంతి లేస్తా ఉండాది, రా" అని వదిన చెయ్యి పట్టి లాగింది.

"అంచు సూడు వదినా, ఎట్ల తగలేసినారో!"

"ఇంతమందిలో నీకు తప్ప ఎవురికీ కనపడలేదు ఆ అంచు. రా, సాంబారు సల్లారిపోతాది."

వదిన అన్నది నిజమే. ఆ హాల్లో ఆ అంచు నాకొక్కదానికే కనిపించింది. ఆ జబ్బు నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పట్టుకుంది. ఇంకా వదల్లేదు. వదిలించుకోవాలని నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

మాది శ్రీకాళహస్తి. నాయన కలంకారీ పని చేసేవాడు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గడప దాటుతూనే ముక్కు మూసుకునేవాళ్లు. పెరట్లో వరసగా కుండలు, వాటిలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు. అదంతా రోజుల తరబడి పులిసి పులిసి నల్లటి కసిమి అయ్యేది. ఆ కసిమితోనే బొమ్మకు గీత గీస్తారు. దండెం మీద ఎప్పుడూ కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డలు. పాలు పట్టించకపోతే రంగు దారాల వెంట పారిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ పులిసిన బెల్లం వాసన, ఆరిపోతున్న పాల వాసన, పొయ్యి మీద వేర్లు ఉడికే వాసన కలిసి మా బట్టలకూ జడలకూ పుస్తకాలకూ పట్టుకునేవి. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల, నా గౌను పెరుగన్నం కంపు కొడుతోందని టీచరమ్మకు చెప్పి వేరే బెంచీకి పోయింది. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ పకపకా నవ్వి, "పెరుగన్నం తినేదానికి ఏం రోగమంట దానికి?" అంది.

మా ఇంట్లో గీత నాయనది, రంగు అమ్మది. నాయన గీత లాగేటప్పుడు ఊపిరి బిగపట్టేవాడు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారం బిగించి తనే తయారుచేసుకున్న కలం. దాని ఉన్నిని రెండు వేళ్లతో నొక్కుతూ, కసిమి ఎంత దిగాలో అంతే దింపుతూ, భుజం నుంచి మోకాలి దాకా ఒక మనిషి వీపును ఒకే లాగుడులో తెచ్చేవాడు. అప్పుడు అమ్మ రోకలి పట్టకూడదు, నేను పరిగెత్తకూడదు. గీత అయిపోయాక ఎడమ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, గ్లాసు కోసం చెయ్యి చాపి "కాపీ" అనేవాడు. ఆ ఒక్కమాటతో ఇంట్లో మళ్లీ చప్పుళ్లు మొదలయ్యేవి. ఆ తర్వాతది అమ్మ రాజ్యం. ఏటికి తీసుకుపోయి గుడ్డలు ఉతకడం, రాగి బానలో ఎరుపు దిగే వేర్లు వేసి ఉడకబెట్టడం, తెలుపు తేలాల్సిన గుడ్డల్ని పేడనీళ్లలో ముంచి స్వర్ణముఖి ఇసుకలో ఎండేయడం, ఎండిపోకుండా నీళ్లు చిలకరించడం. నాయన గీసినదాన్ని తను పాడుచేయకుండా బయటికి తీస్తున్నానని అమ్మకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నా పని పటిక పెట్టడం. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడంతా ముందు పటికనీళ్లు పూయాలి. ఆరిపోయాక అది పెద్దగా కనిపించదు. ఆ తర్వాత గుడ్డ మొత్తాన్నీ ఎర్రరంగు బానలో వేసి ఉడికించి ఏట్లో జాడిస్తే, పటిక ఉన్నచోట ఎరుపు నిలబడుతుంది, లేనిచోట నీళ్లలో కొట్టుకుపోతుంది. కాబట్టి గీత దాటి ఒక చుక్క పడినా ఆ రోజు తెలియదు. ఏటి ఒడ్డున గుడ్డ విప్పినప్పుడు, అమ్మ నా వైపు తిరిగినప్పుడు తెలుస్తుంది.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో కంప్యూటరు బొమ్మల కోర్సు ఒకటి చేశాను. అది చూపించి రైల్వేస్టేషను దగ్గర, ఒక చెప్పులంగడి మిద్దె మీద ఉన్న చిన్న కంపెనీలో చేరాను. పిల్లల ఆటలు చేసి సీడీల్లో అమ్మాలని వాళ్ల ఆలోచన. యజమాని సుధాకర్ సారు మద్రాసులో కొన్నాళ్లు పనిచేసి వచ్చినాయన. ప్రోగ్రాం రాసేది మునికృష్ణ, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. బొమ్మల పని నాది. పొద్దున కాళహస్తిలో ప్యాసింజరు ఎక్కి, రేణిగుంట మీదుగా తిరుపతిలో దిగి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేదాన్ని. ఒకరోజు నేను వేసుకున్న కలంకారీ దుపట్టాను సారు తదేకంగా చూసి, "ఈ బొమ్మలతో ఆట చేస్తే ఎట్లుంటుంది దేవకీ? ఎవరూ చేసుండరు" అన్నారు. నీళ్ల కుండ నెత్తిన పెట్టుకున్న ఒక చిన్నపిల్ల అడవి దాటి, రాళ్లు ఎక్కి, ఏరు దాటి ఇల్లు చేరాలి. అదీ ఆట.

నాయనకు చెబితే నవ్వాడు. "నడిసే మనిసిని ఒక్క బొమ్మలో సూపీచ్చు గదమ్మే. కాలు ముందరికేస్తే సాలు. ఇన్ని కాళ్లెందుకు?"

"ఆటలో నిజంగా నడవాల నాయనా. ఒక్కో అడుగుకీ ఒక్కో బొమ్మ కావాల. కాగితం మింద గీసిస్తే సాలు."

"అట్లైతే కాగితం మింద నావల్ల కాదు. నా చెయ్యి గుడ్డ మిందే పోతాది" అన్నాడు. ఆ ఎండాకాలమంతా గీశాడు. పిల్ల నడుస్తున్నట్టు, వంగినట్టు, దూకినట్టు, జారి కూర్చుండిపోయినట్టు, కుండను రెండు చేతులతో పట్టుకుని ఆకాశం చూస్తున్నట్టు. ఎర్ర రవిక, పసుపు పావడా, నల్లటి జడ. ఆ మొహం ఎవరిదీ కాదని నాయన, నా చిన్నప్పటిదేనని అమ్మ. పటిక నేనే పెట్టాను. ఉద్యోగం చేస్తూ కూడా ఆదివారాలు మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను.

వానలు పడేసరికి నాయన చెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు దగ్గర కనిపించింది. గ్లాసు పట్టుకోగానే అంచు నుంచి కాఫీ చిందేది. సరిగా పట్టుకోలేదని అనుకున్నాం. తర్వాత గీత దగ్గర కనిపించింది. తిరుపతి డాక్టరు నరాల జబ్బు అన్నాడు. మాత్రలతో వణుకు కొంచెం తగ్గుతుందన్నాడు, మునుపటి చెయ్యి మాత్రం రాదన్నాడు. నాయన ఇంటికొచ్చి తన కలాలన్నీ కడిగి, ఆరబెట్టి, పాత పంచె ముక్కలో చుట్టి అటక మీద పెట్టాడు. దాని గురించి మాతో ఒక్కమాట మాట్లాడలేదు. మేమూ ఎత్తలేదు. ఆ కుండపిల్ల బొమ్మలే నాయన చేతి చివరి గీతలని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆ గుడ్డల్ని స్కానరు మీద పరిచి కంప్యూటరులోకి ఎక్కించాక మొదలైంది అసలు కష్టం. కంప్యూటరుకు బొమ్మ అంటే నలుచదరపు ముక్క. అందులో పిల్ల ఒక్కతే కనిపించి వెనక అడవి కనిపించాలంటే, పిల్ల చుట్టూ ఉన్న జాగా అంతా ఒకే రంగు చేసి, ఆ రంగు ఎక్కడుంటే అక్కడ ఏమీ లేనట్టు చూపించమని ప్రోగ్రాముకు చెప్పాలి. నేను ముందు ఆ గుడ్డకున్న మీగడరంగునే తీసేయమన్నాను. పిల్ల తెర మీదికి రాగానే మునికృష్ణ కుర్చీలోంచి పడబోయాడు. "అక్కా, పిల్ల కండ్లల్లో చెట్లు కనపడతా ఉండాయి!" నిజమే. కళ్లలోని తెలుపు, పళ్లు, గాజుల మధ్య సందులు, అన్నీ ఆ మీగడరంగే కాబట్టి అన్నీ మాయమై, పిల్ల ఒంటి నిండా కిటికీలు తెరుచుకున్నాయి.

సరే, బొమ్మలో ఎక్కడా లేని రంగు కావాలి. ఆటలు చేసేవాళ్లు మామూలుగా వాడేది రాణీ రంగు. అమ్మ పట్టుచీర కొంగులో తప్ప ఆ రంగు మా ఇంట్లో లేదు, కలంకారీలో అసలు లేదు. పిల్ల చుట్టూ రాణీ రంగు నింపాను. కళ్లు వచ్చాయి, పళ్లు వచ్చాయి, గాజులు వచ్చాయి. దానితో పాటు పిల్ల ఒళ్లంతా చుట్టుకుని ఒక గులాబీ దారం కూడా వచ్చింది. జడ చుట్టూ, మోచేతుల చుట్టూ, పాదాల చుట్టూ. నడిస్తే ఆ దారం మినుకు మినుకుమని కదిలేది. ఎందుకో కనుక్కోవడానికి బొమ్మను పెద్దది చేసి చూస్తే అర్థమైంది. నాయన గీత కంటికి కత్తితో కోసినట్టు ఉంటుంది కానీ, గుడ్డ దారాల్లో కసిమి కొంచెం కొంచెంగా పలచబడుతూ ఆగుతుంది. ఆ పలచబడ్డ చోట రాణీ రంగు కలిసి, నలుపూ కాని రాణీ కాని చుక్కలు పుట్టాయి. ప్రోగ్రాముకు అచ్చమైన రాణీ రంగును తీసేయడమే తెలుసు. సగం రాణీని అది వదిలేస్తుంది.

ఆ చుక్కల్ని ఒక్కొక్కటే చెరిపేద్దామని కూర్చున్నాను. ఒక బొమ్మ పూర్తిచేసి చూసుకుంటే, నాయన ఊపిరి బిగపట్టి లాగిన గీతను ఎలుక కొరికినట్టు ఉంది. చెరిపినదంతా వెనక్కి తెచ్చుకున్నాను. గీతను ముట్టకుండా రాణీ రంగును పంపించే దారి ఉండి తీరాలి, లేకపోతే నేనే కనిపెట్టాలి అని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

సారు మంచివారే, కానీ వ్యాపారం ఆయనది. మద్రాసు నుంచి పెద్ద పంపిణీదారులు ఆట చూడటానికి వస్తున్నారు. "ఆ లోపల ఈ గులాబీ అంచు పోవాల దేవకీ. పోకపోతే కొనుక్కొచ్చిన సీడీలో రెడీమేడ్ బొమ్మలుండాయి, అవి పెట్టేస్తాం. లేదంటే మీ నాయన్నే తెల్లకాగితం మీద గట్టి గీతతో మళ్లా వేయమను."

"వేయలేడు సార్."

"పని ఎక్కువగా ఉందా?"

"వేయలేడు సార్."

రెండోసారి అన్నప్పుడు సారు నా మొహం చూసి ఇంక అడగలేదు. గడువు మాత్రం మార్చలేదు.

ఇంట్లో అన్నం తింటూ అమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను. గుడ్డ రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత, వెనక రంగే నాకు శత్రువైందని ఏదేదో చెప్పాను. అమ్మ అంతా వింది. నేను ఆఫీసుకు పోయిన పగళ్లలో తనకు చేతనైన పని చేసింది. దూకే పిల్ల బొమ్మను పేడనీళ్లలో ముంచి, ఏటి ఇసుకలో ఎండేసి, నీళ్లు చిలకరించి, ఉతికి, ఒక సాయంత్రం నేను రాగానే రెండు చేతులతో విప్పి చూపించింది.

"సూడు పాపా, ఎనక రంగు లేనే లేదు. మల్లెపువ్వట్ల అయిపాయ. తక్కినవి గూడా ఏసేదా?"

గుడ్డ మల్లెపువ్వులాగే ఉంది. పిల్ల పావడా కూడా మల్లెపువ్వులాగే ఉంది. పసుపంతా పోయింది. ఎప్పుడూ ఈ ఉతుకులన్నీ అయ్యాక చివర్లో పూసే రంగది, నాకు సాయం చేసే తొందరలో అమ్మ మరిచిపోయింది. నా వెనక నిలబడ్డ నాయన చూశాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఇల్లదిరేలా అరిచాడు.

"ఏం పని జేసినావే! నేనింక మళ్లా గీసేది లేదని తెలియదా నీకు?"

ఆ మాట ఆయన నోటితో అనడం అదే మొదలు. అమ్మ గుడ్డను ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. నాయన తన అరుపుకు తానే బెదిరినవాడిలాగా వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. ఆ బొమ్మ ముందే కంప్యూటరులోకి ఎక్కించేశానమ్మా, ఏమీ పోలేదు అని అమ్మకు చెప్పాను, నాయనకు చెప్పాను. ఇద్దరూ తలలూపారు. ఆ పూట కాఫీ ఎవరూ అడగలేదు.

ఆ గుడ్డను మడతపెడదామని తీసుకున్నాను. చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాను. పసుపు పోయింది, మీగడరంగు పోయింది. ఎర్ర రవిక మాత్రం చెక్కుచెదరలేదు. నేను పటిక పెట్టినచోటు. ఎరుపు ఎక్కడ నిలవాలో, ఎక్కడ పోవాలో ఎరుపు ఏనాడూ తేల్చుకోలేదు. అంతకు ముందే పెట్టిన పటిక తేల్చింది. మేము చేస్తున్న తప్పు అప్పుడు తెలిసింది. ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అని రంగునే అడుగుతున్నాం. ఆ మాట వేరేగా, ముందుగా, మనం చెప్పాలి. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే, అంతవరకూ నాకు తట్టలేదు.

పొద్దున్నే మునికృష్ణను పట్టుకున్నాను. ప్రతి బొమ్మకూ పక్కన ఇంకో బొమ్మ ఇస్తాను, అందులో నలుపూ తెలుపూ మాత్రమే ఉంటాయి, తెలుపున్న చోట పిల్ల ఉన్నట్టు, నలుపున్న చోట లేనట్టు, ఇంక ఏ రంగునూ లెక్కచేయవద్దు అని చెప్పాను. వాడు గోళ్లు కొరుక్కుంటూ విన్నాడు.

"అయితాది అక్కా. కొందరు ఇట్లనే చేస్తారని యాడో సదివినా. నేను ప్రోగ్రాం మార్చాల. అయినా ఇన్ని బొమ్మలకు నువ్వు చేత్తో ఏస్తావా?"

"ఏస్తా."

"చెయ్యి పడిపోతాది."

"పడిపోనీ. నువ్వు నీ పని చూడప్పా."

ఇంకా ముందరి రైలు ఎక్కడం మొదలుపెట్టాను. ఆఫీసు తాళం సారు నాకే ఇచ్చారు. కింద చెప్పులంగడి తలుపులు తెరవక ముందే నేను మిద్దె మీద కూర్చుని పటిక పెట్టేదాన్ని. అవును, నా లెక్కలో అది పటిక పెట్టడమే. నాయన గీత ఎక్కడ ముగుస్తుందో దాని వెంట మౌసుతో చుక్క చుక్కగా పోయి, లోపల తెలుపు నింపడం. గీత పలచబడే చోట రాణీ రంగును తీసేసి, ఆ గీత రంగునే కొంచెం బయటిదాకా పూసేదాన్ని. అప్పుడు అంచు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా కనిపించేది నలుపే. గీతను ఒక్కచోట కూడా కొరకలేదు. ఇంటికొచ్చేసరికి మణికట్టు వాచిపోయేది. అమ్మ వెచ్చని ఆముదం రాసి గుడ్డ కట్టేది. ఆ బొమ్మ పాడైన బాధను అమ్మ ఆ కట్టులోనే చూపించేది. నాయన అరుగు మీద నుంచి అడిగేవాడు. "యాడికొచ్చినాది పిల్ల?"

"ఏటి కాడికొచ్చినాది నాయనా."

"జారిపోకుండా సూడు."

మద్రాసువాళ్లు వచ్చారు, చూశారు. కుండపిల్ల అడవి దాటింది, రాళ్లెక్కింది, ఏట్లోకి దిగింది. పచ్చని ఆకుల ముందు, నల్లటి రాళ్ల ముందు, తెల్లటి నీళ్ల ముందు నాయన గీత గుడ్డ మీద ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. వాళ్లు కథ గురించి అడిగారు, పాట ఉంటే బాగుంటుందన్నారు. అంచు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అంచు పని చేసేవాళ్లకు అంతకు మించిన మెప్పు లేదు. వాళ్లను సాగనంపి వచ్చి సారు నాతో, "మీ నాయన బొమ్మలే ఉంటాయి దేవకీ" అన్నారు. స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ కంపెనీ ఎంతోకాలం నడవలేదు. ఆ ఆట ఇప్పటి కంప్యూటర్లలో తెరుచుకోదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఒక మీట నొక్కితే బొమ్మ వెనకున్నదంతా ఎగిరిపోతుంది, సగం కనిపించే రంగులూ పొగలూ మంచులూ అన్నీ వస్తాయి. ఆ రోజులే బంగారమని నేను అనను. నా మణికట్టు చలికాలం వస్తే ఇప్పటికీ పీకుతుంది, ఆ బాధ ఇంకెవరికీ వద్దు. మీట నొక్కడంలో తప్పులేదు. నొక్కాక దగ్గరికి పోయి చూడకపోవడమే నాకు కోపం. మా ఇంట్లో గుడ్డను ఏట్లోంచి తీశాక ఎండకు ఎత్తిపట్టి రెండువైపులా చూడకుండా మడతపెట్టినవాళ్లు లేరు. ఆ చూపుకు పట్టేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

ఆట సీడీగా రాకముందు ఒకరోజు నాయన చూడటానికి వచ్చాడు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా, పక్కన అమ్మ. మిద్దె మెట్ల కిందే ఇద్దరూ చెప్పులు విడిచి వచ్చారు. "చెప్పులంగడి ముందర ఇడిసినారా పెద్దయ్యా? అమ్మేస్తారు!" అని మునికృష్ణ పరిగెత్తి తెచ్చి లోపల పెట్టాడు. నాయన కుర్చీలో కూర్చుని, వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను పిల్లను నడిపించాను. ఏరు దాటాక నాయన, "ఇంగోసారి" అన్నాడు. మళ్లీ నడిపించాను. ముందుకు వంగి చూశాడు.

"అంతా బాగుండాది పాపా. అయితే ఈ పిల్ల నేల మింద లేదు, తేలతా ఉండాది. కింద నీడ యాడ?"

అందరం చూశాం. నిజమే. అంచు గొడవలో పడి ఎవరమూ పాదాల కింద చూడలేదు.

"దాన్ని ఇట్లియ్యి, నేనేస్తా" అని మౌసు అడిగాడు.

"నీ చేత యాడైతాది, పాప ఏస్తాదిలే" అంది అమ్మ మెల్లగా.

"నీడకు గీతెందుకే? వణికితే వణకనీ."

నల్లరంగు తీసి ఇచ్చాను. మౌసు బల్లకు తగిలి టకటకమని చప్పుడు చేసింది. తెర మీద పిల్ల పాదాల కింద ఒక నల్లమచ్చ పుట్టింది, పక్కలకు పాకింది, అంచు అంతా గజిబిజిగా మెట్లుమెట్లుగా అయింది. చాలాసేపు పట్టింది. ఎవరమూ కదల్లేదు. పూర్తయ్యాక నాయన మౌసు వదిలి, తువ్వాలుతో అరచెయ్యి తుడుచుకున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక సారు తెర దగ్గరికి వచ్చి చూశారు. "నీడ బాగుంది. అంచు ఒక్కటి కొంచెం నున్నగా చేసి పెట్టు దేవకీ."

"అది నేను ముట్టను సార్. ఎవరినీ ముట్టనీయను."

సారు నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, సరే అన్నారు. ఆట అట్లాగే బయటికి వచ్చింది. పిల్ల నిలబడినా, పరిగెత్తినా, దూకి దిగినా కింద అదే నీడ.

నాయన పోయి చాలా ఏళ్లైంది. ఆట తెరుచుకోకపోయినా ఆ నీడ బొమ్మ నా దగ్గర ఉంది. నాకున్న సాధనాలతో దాని అంచును రెప్పపాటులో నున్నగా చేయవచ్చు. అప్పుడప్పుడు తెరుస్తాను. పెద్దది చేసి ఆ అంచు వెంట చుక్క చుక్కగా మొత్తం తిరుగుతాను. ఏమీ మార్చకుండా మూసేస్తాను.